మన ఎండ పేరు పెట్టుకున్న చేదు!

దాని పేరులో ఇండియా ఉంది. పుట్టింది మాత్రం ఇంగ్లండులో. నెలల తరబడి ఓడలో ఊగి, రెండుసార్లు భూమధ్యరేఖను దాటి, కలకత్తా, మద్రాసు రేవుల్లో దిగేసరికి గానీ దానికి అసలు రుచి వచ్చేది కాదట. అదే పేల్ ఏల్. లేత బంగారు రంగు, పైన తెల్లటి నురగ, గొంతులో సన్నటి చేదు... వేసవి పానీయంగా పేరుపడ్డ ఈ బీరు వెనక మూడు శతాబ్దాల కథ ఉంది. అందులో ఓ టీ పాత్ర, ఓ ఎర్ర త్రికోణం, మద్రాసు ఐస్‌హౌస్, జనరల్ డయ్యర్ తండ్రి... అందరూ కనిపిస్తారు. 2024లో ఆ కథలోని ఓ ముఖ్యమైన అధ్యాయం మూతపడబోయి, ఆఖరి నిమిషంలో నిలబడింది.

రెండు వందల ఏళ్ల కిందట... మే నెల మధ్యాహ్నం. కలకత్తాలో ఓ తెల్లదొర బంగళా. పంకా లాగే మనిషి చెయ్యి ఆగడం లేదు. అయినా దొరగారి చెమట ఆరడం లేదు. ఐసు లేదు, ఫ్రిజ్ అన్న మాటే పుట్టలేదు. మరి సీసాలోని బీరు చల్లబడేదెలా?

అందుకోసమే ఓ నౌకరు ఉండేవాడు. పేరు ఆబ్దార్. నీళ్లూ పానీయాలూ చల్లబరచడమే అతని ఉద్యోగం. తొట్టి నీళ్లలో పెట్లుప్పు... అదే సురేకారం కలిపేవాడు. ఆ ఉప్పు కరిగేటప్పుడు నీళ్లలోని వేడిని లాగేసుకుంటుంది. చల్లబడ్డ ఆ నీళ్లలో సీసాను అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవాడు. అంత ఓపిక లేనిచోట సీసాకు తడిగుడ్డ చుట్టి గాలికి వేలాడదీసేవారు. వేసవిలో మన ఇళ్లలో మంచినీళ్ల కుండకు తడి గోనె చుట్టడం లాంటిదే. అలా చల్లబరిచిన సీసాలో ఉన్నది, లండన్ నుంచి ఆరు నెలల పాటు సముద్రం మీద వచ్చిన పేల్ ఏల్.

గింజ రంగు మారింది

తాటిచెట్టు మీది లొట్టిలో కల్లు తనంతట తానే పులుస్తుంది. బార్లీ గింజ అలా పులవదు. దాన్ని నానబెట్టాలి, మొలకెత్తించాలి, మొలకను వేడిమీద ఆరబెట్టాలి. అలా తయారైందే మాల్ట్. పిల్లలకు రాగిమాల్ట్ చేయడానికి రాగులను మొలకెత్తించి ఆరబెడతామే, ఆ పద్ధతే. ఆ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెడితే తియ్యటి ద్రవం వస్తుంది. దాన్ని హాప్స్ అనే తీగమొక్క పూలతో కలిపి మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెడితే బీరు. హాప్స్ పువ్వు చూడటానికి లేతాకుపచ్చ రంగులో చిన్న దేవదారు కాయలా ఉంటుంది. బీరులోని చేదు, సువాసన దాని చలవే. సూక్ష్మజీవుల్ని పెరగనీయకుండా బీరు పాడవకుండా కాపాడేదీ అదే.

ఒకప్పుడు మాల్ట్‌ను కట్టెల మంటమీద ఆరబెట్టేవారు. గింజ మాడి గోధుమరంగు వచ్చేది, పొగ వాసన పట్టేది. దాంతో చేసిన బీరూ నల్లగానే ఉండేది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంవాళ్లు బొగ్గును ముందే కాల్చి, పొగ పోగొట్టి కోక్‌గా మార్చి వాడటం మొదలుపెట్టారు. పొగలేని ఆ సెగమీద గింజ మాడలేదు. లేత రంగులోనే నిలిచింది. ఆ మాల్ట్‌తో చేసిన బీరును 1700 ప్రాంతంలో ‘పేల్ ఏల్’ అని పిలవడం మొదలైంది. పేల్ అంటే లేత రంగు, అంతే. ఈనాటి గాజుగ్లాసులోని నీరెండలాంటి మెరుపును అప్పటివాళ్లు ఆశించి ఉండరు. నల్లటి బీరు మధ్య కాస్త తేటగా కనిపించడమే గొప్ప.

అప్పుమీద అమ్మిన హాడ్జ్‌సన్

1752లో జార్జి హాడ్జ్‌సన్ అనే వ్యాపారి లండన్ తూర్పు శివారులోని బో అనే చోట బ్రూవరీ పెట్టాడు. అతని అదృష్టమల్లా ఆ చోటే. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు అక్కడికి దగ్గర్లోనే ఉండేది. ఓడ కెప్టెన్లకు సొంతంగా కొంత సరుకు తీసుకెళ్లి అమ్ముకునే వీలుండేది. మన దేశం నుంచి వెళ్లేటప్పుడు ఓడలు నిండుగా ఉండేవి గానీ, వచ్చేటప్పుడు చాలా చోటు ఖాళీయే. అందుకే ఇటువైపు రవాణా చవక. హాడ్జ్‌సన్ ఆ కెప్టెన్లకు 18 నెలల అప్పుమీద పీపాలు ఇచ్చేవాడు. అమ్ముకుని వచ్చాకే డబ్బు కట్టమన్నాడు. ఇంకేం... కెప్టెన్లందరూ అతని గుమ్మం ముందే!

ఓడ ఆఫ్రికా కొస చుట్టి రావాలి. అట్లాంటిక్‌లో ఒకసారి, హిందూ మహాసముద్రంలో ఇంకోసారి భూమధ్యరేఖను దాటాలి. ఆ వేడికీ, ఆ ఊపుకీ పీపాలోని బీరు చెడిపోవాలి. కానీ చిత్రంగా అది పండింది. సీమలో నేలమాళిగలో ఏడాదికి పైగా ఉంచితే వచ్చే రుచి ఓడలో కొద్ది నెలలకే వచ్చేసింది. కలకత్తా పత్రికల్లో పేల్ ఏల్ ప్రకటనలు 1780ల నాటికే కనిపిస్తాయి. ‘ఈస్టిండియా పేల్ ఏల్’ అన్న పేరు మాత్రం 1829లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ పత్రిక ప్రకటనలో అచ్చయింది. మన పేరు పెట్టుకున్న బీరు అప్పటికే మరో ఎండల దేశానికీ చేరిపోయిందన్నమాట.

ఓ చిక్కుముడి

ఈ బీరు గురించి ప్రపంచమంతా చెప్పుకునే కథ ఒకటుంది. మామూలు బీరు ఇండియాకు వచ్చేలోపు పులిసి పాడైపోయేదనీ, దాంతో హాడ్జ్‌సన్ హాప్స్‌నూ ఆల్కహాల్‌నూ బాగా పెంచి కొత్తరకం బీరును కనిపెట్టాడనీ, దాన్ని తాగే బ్రిటిష్ సైనికులు ఎండల్ని తట్టుకున్నారనీ. చాలా సీసాల మీద కూడా ఇదే అచ్చేస్తుంటారు.

బీరు చరిత్రను తవ్వినవాళ్లు ఇందులో చాలాభాగం కట్టుకథేనని తేల్చారు. నల్లటి పోర్టర్ బీరు కూడా అదే ఓడల్లో చక్కగా వచ్చేది. సైనికులు ఎక్కువగా తాగింది దాన్నే. పేల్ ఏల్ అధికారులది, వర్తకులది. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలన్న సంగతి 1760ల నాటికే బ్రూవర్లకు తెలుసు. ఇక మత్తు సంగతంటారా? అప్పటి లెక్కల్లో అదేమంత ఘాటు బీరు కాదు. ఆల్కహాల్ 6 శాతం పైచిలుకు, అంతే. హాడ్జ్‌సన్ కొత్త బీరును కనిపెట్టలేదు. మంచి చోట దుకాణం పెట్టి, అప్పు ఇచ్చి, సముద్రం చేసిన పనికి పేరు కొట్టేశాడు!

టీ పాత్రలో పుట్టిన పోటీ

తాతల నాటి పరపతి మనవలకు తలకెక్కడం అన్నిచోట్లా ఉన్నదే. 1820ల మొదట్లో హాడ్జ్‌సన్ వారసులు అప్పులు ఆపేశారు, ధర పెంచారు, కెప్టెన్లను పక్కనపెట్టి తామే ఓడల్లో సరుకు పంపడం మొదలుపెట్టారు. ఈస్టిండియా కంపెనీ పెద్దలకు ఒళ్లు మండింది. అదే సమయంలో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరి బ్రూవర్లు దిగులుగా ఉన్నారు. వాళ్ల బీరు ప్రధానంగా కొనే రష్యా, దిగుమతి సుంకంతో తలుపులు మూసేసింది.

1822లో కంపెనీ డైరెక్టర్ క్యాంప్‌బెల్ మార్చ్‌బ్యాంక్స్, బర్టన్ బ్రూవర్ శామ్యూల్ ఆల్సాప్‌ను భోజనానికి పిలిచి, హాడ్జ్‌సన్ సీసా ఒకటి ముందు పెట్టి, ‘ఇలాంటిది చేయగలరా?’ అని అడిగాడట. ఆల్సాప్ దాన్ని ఊరికి పట్టుకెళ్లి తన మాల్ట్ నిపుణుడు జోబ్ గుడ్‌హెడ్‌కు ఇచ్చాడు. ఆ చేదుకు అతను మొహం చిట్లించినా, చేయగలనన్నాడట. నమూనా కోసం వాడింది ఏమిటో తెలుసా? టీ పాత్ర! ఎంతవరకు నిజమోగానీ బర్టన్‌లో ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటారు. ఆ మరుసటి ఏడాదే ఆల్సాప్ పీపాలు ఇండియా ఓడ ఎక్కాయి. వెనకే బాస్ కంపెనీ వచ్చింది. 1830ల మొదట్లోనే బెంగాల్ మార్కెట్లో హాడ్జ్‌సన్‌ను బాస్ దాటేసింది.

బర్టన్ గెలుపు రహస్యం నీళ్లలో ఉంది. ఆ ఊరి బావుల్లోకి నీరు జిప్సం పొరల గుండా ఊరుతుంది. అందులోని కాల్షియం సల్ఫేట్ వల్ల బీరు తేటగా వస్తుంది, చేదు శుభ్రంగా, పదునుగా తెలుస్తుంది. 1878లో ఈ గుట్టు రట్టయ్యాక మిగతా ఊళ్లవాళ్లు తమ నీళ్లలో జిప్సం కలపడం మొదలుపెట్టారు. ఆ పనికి ‘బర్టనైజేషన్’ అనే పేరే పడింది. 1839లో ఊరికి రైలొచ్చాక బర్టన్ దశ తిరిగింది. 1880ల నాటికి అక్కడ 30 బ్రూవరీలు. 1868లో లండన్‌లో సెయింట్ ప్యాంక్రాస్ స్టేషన్ కట్టినప్పుడు దాని కింది అంతస్తులో స్తంభాల మధ్య దూరాన్ని బర్టన్ బీరు పీపాల కొలతను బట్టే నిర్ణయించారు. యూరోస్టార్ రైలెక్కే ప్రయాణికులు ఇప్పుడు నడిచేది ఆ పీపాల గదుల్లోంచే!

బాస్ సీసామీది ఎర్ర త్రికోణం కూడా చరిత్రకెక్కింది. 1876 జనవరి 1న బ్రిటన్‌లో రిజిస్టరైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు అదే. ఫ్రెంచి చిత్రకారుడు ఎదువార్ మానే 1882లో పూర్తిచేసిన ప్రసిద్ధ బార్ చిత్రంలో కౌంటర్ మీద రెండువైపులా ఆ త్రికోణం సీసాలు కనిపిస్తాయి.

మంచు వచ్చింది... ఏల్ వెళ్లింది

1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓ ఓడ 180 టన్నుల మంచుగడ్డలతో బయల్దేరింది. నాలుగు నెలల తర్వాత కలకత్తా చేరేసరికి ఇంకా వంద టన్నులు మిగిలింది. గడ్డకట్టిన చెరువుల్ని కోసి అమ్మిన ఫ్రెడరిక్ ట్యూడర్ వ్యాపారం అది. ఆ మంచును దాచడానికే 1842లో మద్రాసు సముద్రతీరంలో ఐస్‌హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. మెరీనా చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లకు వివేకానందర్ ఇల్లంగా అది సుపరిచితం. మంచు రావడంతో ఆబ్దార్ పెట్లుప్పు పని అటకెక్కింది.

తర్వాత యంత్రాల ఐసు వచ్చింది. చల్లగా, గడగడా తాగేయగల లాగర్ బీరు వచ్చింది. ఏల్‌ను గది వేడిలో కొద్దిరోజుల్లోనే పులియబెడతారు. లాగర్‌ను చల్లటి చోట వారాల తరబడి మాగబెడతారు. చేదు తక్కువ, వాసనా తక్కువ. ఎండ దేశానికి ఇదే హాయి అనిపించింది. పేల్ ఏల్ మెల్లగా పక్కకు తప్పుకుంది. ఇప్పుడు మనదేశంలో అమ్ముడయ్యే బీర్లలో అత్యధికం లాగర్లే.

ఈలోగా బీరు తయారీ ఇక్కడికే వచ్చింది. 1850ల్లో ఎడ్వర్డ్ డయ్యర్ సిమ్లా కొండల దగ్గర కసౌలీలో బ్రూవరీ పెట్టాడు. ఆయన కొడుకు 1864లో ముర్రేలో పుట్టాడు. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన రెజినాల్డ్ డయ్యర్ అతనే. డయ్యర్ల తర్వాత ఆ బ్రూవరీలు కొన్న హెచ్.జి.మీకిన్ బర్టన్ బ్రూవర్ల కుటుంబం నుంచి వచ్చినవాడు. స్వాతంత్య్రం వచ్చాక 1949లో ఎన్.ఎన్.మోహన్ ఆ కంపెనీని చేతికి తీసుకున్నారు. తర్వాతి కాలంలో డయ్యర్ పేరు పోయి ‘మోహన్ మీకిన్’ అయింది.

మళ్లీ పుట్టింది

ఇంగ్లండులోనూ పేల్ ఏల్‌కు మంచిరోజులు పోయాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పన్నులు పెరిగాయి, బీరులో బలం తగ్గింది. తర్వాత చిన్న బ్రూవరీలను పెద్దవి మింగేశాయి. పాత ఏల్‌ను కాపాడుకోవాలంటూ 1971లో కొందరు తాగరులే ‘కామ్రా’ అనే ఉద్యమసంఘం పెట్టుకున్నారు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ, కాస్కేడ్ అనే కొత్త రకం హాప్స్‌తో ‘లిబర్టీ ఏల్’ చేసింది. దబ్బపండు తొక్క గిల్లినట్టుండే వాసన జనానికి కొత్తగా తోచింది. 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్, పాత డెయిరీ సామాన్లతో సమకూర్చుకున్న చిన్న బ్రూవరీలో ‘సియెర్రా నెవాడా పేల్ ఏల్’ మొదలుపెట్టాడు. వేసవిలో చికో ఎండలు మన కోస్తా ఎండలకు తీసిపోవు. అక్కడి నుంచి ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. 1980ల చివర్లో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో ఓ పబ్బు యజమాని లాగర్ తాగే కుర్రాళ్లను తిప్పుకోవాలని లేత బంగారురంగు ఏల్ చేశాడు. పేరు ‘సమ్మర్ లైట్నింగ్’. అంటే వేసవి మెరుపు! వేసవి ఏల్స్ అన్న కొత్త వరుసకే అది దారి తీసింది. బెంగళూరు, హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో ఇప్పుడు పేల్ ఏల్ పేరు వినిపిస్తోందంటే ఆ గాలి చుట్టు తిరిగి వచ్చినట్టే.

రుచి చూడటం ఓ విద్య

బీరును రుచి చూసి మంచిచెడ్డలు చెప్పే నిపుణులున్నారు. వాళ్లు గ్లాసు ఎత్తి గటగటా తాగరు.

* మొదట కన్ను. రంగు ఎండుగడ్డి ఛాయ నుంచి తేనె రంగు దాకా ఉండొచ్చు. నురగ వెంటనే చచ్చిపోకూడదు.

* తర్వాత ముక్కు. గ్లాసును కాస్త తిప్పి వాసన చూస్తారు. ఇంగ్లిష్ హాప్స్ అయితే పచ్చిక, పూలు, మట్టి వాసన. అమెరికన్ హాప్స్ అయితే నారింజ, దబ్బ, ఒక్కోసారి మామిడి.

* ఆ తర్వాత చిన్న గుక్క. వైన్ నిపుణుల్లా ఉమ్మేయరు, కొద్దిగా మింగుతారు. చేదు గొంతులో ఎంతసేపు నిలిచింది, శుభ్రంగా దిగిందా, నాలుకను పట్టుకుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. చేదును కొలవడానికి ఐబీయూ అనే లెక్క కూడా ఉంది. అమెరికన్ పేల్ ఏల్‌కు అది సాధారణంగా 30 నుంచి 50 మధ్య.

* ఐసులా గడ్డకట్టించి తాగితే వాసన చచ్చిపోతుంది. 8 నుంచి 12 డిగ్రీల చల్లదనం చాలు.

* ఎండ పనికిరాదు. గ్లాసును ఎండలో కాసేపు వదిలేస్తే వెలుతురు తగిలి హాప్స్‌లోని పదార్థాలు మారిపోతాయి, దుర్వాసన వస్తుంది. బీరు సీసాలు ఎక్కువగా గోధుమరంగులో ఉండేది ఇందుకే. ఎండల కోసం పేరుపడ్డ బీరుకు ఎండే శత్రువు!

* చప్పటి రకంతో మొదలుపెట్టి చేదుకు వెళ్లాలి. మధ్యలో మంచినీళ్లు తాగాలి. పక్కన ఉప్పు పల్లీలు బాగుంటాయి. మిరపకాయ బజ్జీలాంటివైతే చేదు, కారం ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి.

చేదు మనకు కొత్తేమీ కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, వేసవి భోజనంలో కాకరకాయ ఉండాల్సిందే. తీపి నాలుకమీద పేరుకుంటుంది, చేదు కడిగేసినట్టు చేస్తుంది. పేల్ ఏల్ సేద తీర్చినట్టు అనిపించడానికి ఆ చేదు, చల్లదనం, బుడగలు కారణం.

అనిపించడం వేరు, నిజం వేరు. ఆల్కహాల్ ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను అణచివేస్తుంది. తాగినదానికన్నా ఎక్కువే మూత్రంగా పోవచ్చు. వడదెబ్బ కాలంలో అది ప్రమాదం. దాహానికి మజ్జిగ, మంచినీళ్లే మందు. ఎంత తక్కువైనా మద్యం పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. నిపుణులు రుచి చూసేటప్పుడు గ్లాసులో నాలుగు గుక్కలకు మించి పోయించుకోనిది ఊరికే కాదు.

పీపాల గొలుసు

ఇక చివరి అధ్యాయం. బర్టన్ పేల్ ఏల్‌కు ఓ ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. పేరు ‘బర్టన్ యూనియన్’. 1838లో పేటెంటు పొందింది. పెద్ద పెద్ద కొయ్య పీపాలను వరసగా పడుకోబెట్టి గొట్టాలతో కలుపుతారు. పులిసేటప్పుడు పొంగే ఈస్ట్ నురగ, హంసమెడలాంటి గొట్టాల్లోంచి పైనున్న తొట్టిలోకి ఎక్కుతుంది. ఈస్ట్ అక్కడే ఆగి, తేటబీరు మళ్లీ పీపాల్లోకి జారుతుంది. ఖర్చెక్కువ, చోటెక్కువ, పీపాలు బాగుచేసే వడ్రంగులు కావాలి. అందుకే ఒక్కో కంపెనీ వదిలేసింది. 1980లలో బాస్ కూడా. చివరికి బర్టన్‌లో మార్స్టన్స్ ఒక్కటే మిగిలింది.

2024 జనవరిలో ఆ పీపాలనూ పక్కనపెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. బీరు ప్రియులు ఉలిక్కిపడ్డారు. ఊరంతా ఒకప్పుడు ఏ పీపాల చప్పుడుతో బతికిందో, ఆ చప్పుడు ఆగిపోతోంది. సుమారు 185 ఏళ్ల పనితనం మ్యూజియం వస్తువు కాబోతోంది. అప్పుడు డెర్బీషైర్‌లోని బేక్‌వెల్ అనే చిన్న పట్టణం నుంచి థార్న్‌బ్రిడ్జ్ అనే చిన్న బ్రూవరీ ముందుకొచ్చింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బ్రూవరీకి చెందిన గ్యారెట్ ఆలివర్ చొరవ తోడైంది. ఒక వరస పీపాలను విప్పి, లారీకెక్కించి, బేక్‌వెల్‌లో మళ్లీ బిగించారు. అదే ఏడాది వాటిలో బీరు పొంగింది.

పొగలేని కోక్‌తో పేల్ మాల్ట్ పుట్టింది డెర్బీషైర్‌లోనే. ఆఖరి పీపాల వరస తిరిగి చేరిందీ డెర్బీషైర్‌కే. అన్నట్టు, ఆ పీపాల్లో పులియబెట్టిన వాటిలో థార్న్‌బ్రిడ్జ్ 2005 నుంచి చేస్తున్న ఇండియా పేల్ ఏల్ కూడా ఉంది. దాని పేరేంటో తెలుసా...

‘జైపూర్’!